కంప్యూటరు గడియారము: సరియైన వేళ ఎక్కడనుండి వచ్చును?

కొంతకాలము క్రిందట వరంగల్లు ప్రాంతపు పల్లె ఒకదానిలో ఒక చిన్న సంగతి కంటబడినది. వ్రేలిముద్ర తీసికొని సొమ్ము చెల్లించు కేంద్రము ముందు ఒక వృద్ధురాలు ఉదయమునుండి నిలిచియున్నది. ఆమె బొటనవ్రేలు యంత్రముపై ఉంచినప్పుడెల్ల తెరపై ఎఱ్ఱని అక్షరములు కనిపించుచున్నవి. కొంగుతో చేయి తుడుచుకొన్నది, నీళ్ళతో కడుగుకొన్నది, అయినను ఫలము లేదు. "నీ వేళ్ళు అరిగిపోయినయి అవ్వా, రేపు రా" అని లోపలి యువకుడు చెప్పెను. "మొన్న నెల పట్టిన వేళ్ళే గద బిడ్డా ఇవి" అని ఆమె అచటనే కూలబడినది.

తెరపై ఆంగ్లమున నున్న మాటలను నిదానముగా చదివి చూడగా, అందు వ్రేలి ప్రసక్తియే లేదు. పంపిన అభ్యర్థనలోని సమయము ఇంకను రాని సమయమని అందు వ్రాసియున్నది. క్రితము రోజున ఎవరో చేతితో గడియారము దిద్దబోయి, ఆ కంప్యూటరును 40 నిమిషములు ముందునకు జరిపియుండిరి. గడియారమును సరిచేసినంతనే మొదటి పర్యాయమే ముద్ర అంగీకరింపబడినది. తప్పు గడియారముది, నింద మాత్రము జీవితమంతయు శ్రమించిన ఆ వేళ్ళపై పడినది.

ఆధార్ పద్ధతిలో వ్రేలిముద్ర తీసిన క్షణమును కూడ యంత్రము ఆ ముద్రతో చేర్చి పంపును. ఆ సమయము మరీ పాతదైనను, రాబోవు సమయమైనను అవతలి కంప్యూటరు దానిని త్రోసివేయును. ఈ కట్టుబాటు ప్రజల మేలుకొరకే. ఒకనాడు తీసిన ముద్రను దాచియుంచి, వేరొకనాడు ఎవరైన దొంగచాటుగా వినియోగింపకుండ ఇది కాపాడును. కాని గడియారము తప్పినచో ఆ రక్షణయే నిజమైన హక్కుదారునకు అడ్డుగోడ యగును. కావున కంప్యూటరునకు సరియైన వేళ ఎట్లు అందునో, దానిని ఎట్లు కాపాడుకొనవలెనో గ్రామములలో కంప్యూటరు ముందు కూర్చుండు ప్రతివారును తెలిసికొనుట అవసరము.

మన వేళ, అందరి వేళ

పూర్వము వేళ అనగా సూర్యుని నీడయే. రాత్రులందును మబ్బుదినములందును గడియకుడుకను ఉపయోగించెడివారు. అడుగున సన్నని రంధ్రము గల గిన్నెను నీటిపై వదలగా, అది నిండి మునుగుటకు పట్టు కాలము ఒక గడియ, అనగా 24 నిమిషములు. దినమునకు 60 గడియలు. గడియారమను మాట కూడ ఈ గడియ నుండి వచ్చినదే.

సూర్యునిబట్టి వేళ నిర్ణయించినచో ప్రతి ఊరికిని ఒక్కొక్క వేళ యుండును. నేడు మన దేశమంతటను చెల్లు భారత ప్రామాణిక కాలము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమునకు చెందినది. ఆ రేఖ ఉత్తరమున మీర్జాపురము చెంతనుండియు, మన తెలుగు తీరమున కాకినాడ ప్రాంతమునుండియు పోవుచున్నది. హసన్‌పర్తి ఆ రేఖకు దాదాపు 3 డిగ్రీలు పడమట నున్నది. ఒక్కొక్క డిగ్రీకి 4 నిమిషముల చొప్పున, హసన్‌పర్తి సూర్యుని వేళ మన చేతిగడియారముకంటె సగటున సుమారు 12 నిమిషములు వెనుకబడియుండును. కాకినాడకును హసన్‌పర్తికిని మధ్య 12 నిమిషముల తేడా గల గడియారములతో రైళ్ళు నడుపుట సాధ్యము కాదు గదా!

అందువలననే రైళ్ళు వచ్చిన పిమ్మట ఒకే వేళ కావలసివచ్చినది. కొంతకాలము మన రైళ్ళు మద్రాసు ఖగోళ పరిశోధనాలయపు వేళను అనుసరించినవి. అది నేటి ప్రామాణిక కాలముకంటె దాదాపు 9 నిమిషములు వెనుక. 1906 జనవరి 1 నుండి భారత ప్రామాణిక కాలము ఏర్పడినది. ప్రపంచ ప్రామాణిక కాలమునకు అది 5 గంటల 30 నిమిషములు ముందుండును.

హసన్‌పర్తి రోడ్డు స్టేషను చెప్పు పాఠము

కాజీపేట నుండి బల్హార్షా పోవు రైలుమార్గమున హసన్‌పర్తి రోడ్డు స్టేషను కలదు. 1929లో ఆ మార్గము పూర్తియై ఢిల్లీకిని మద్రాసునకును నేరుగా సంబంధము కలిగినది. ఒకే పట్టాలపై ముందువెనుకలుగా బండ్లు పోవలెనన్నచో, స్టేషనులన్నిటి గడియారములు ఒక్కటిగా నడువవలెను. దీనికై మన రైల్వేలు చేసికొన్న ఏర్పాటు గమనింపదగినది. 1976 నాటి రైల్వే సాధారణ నియమముల ప్రకారము ప్రతిదినము 16 గంటలకు, అనగా సాయంత్రము 4 గంటలకు, ప్రధాన స్టేషనులన్నిటికిని ప్రామాణిక కాలమును సంకేతముగా పంపవలెను. బండి బయలుదేరుటకు ముందు గార్డు తన చేతిగడియారమును స్టేషను గడియారముతో సరిచూచుకొని, ఆ వేళను ఇంజను నడుపు వానికి తెలుపవలెను.

ఈ నియమమునందు మూడు నీతులు గలవు. ఏ గడియారమును దానంతట అది ఎల్లకాలము సరిగా నడువదు. కావున దానిని మాటిమాటికిని ఒక పెద్ద గడియారముతో సరిచూడవలెను. ప్రతి ఒక్కరును ఢిల్లీకి పోయి అడుగనక్కరలేదు. పైవాడు క్రిందివానికి చెప్పిన చాలును. కంప్యూటరులు ఒండొంటితో వేళ సరిచూచుకొను పద్ధతి సరిగా ఇట్టిదే.

పెట్టెలోని చిన్న గడియారము

కంప్యూటరు లోపల ఒక చిన్న స్ఫటికపు ముక్క యుండును. విద్యుత్తు తగిలినప్పుడు అది సెకనుకు 32,768 మారులు కంపించును. ఆ కంపనములను లెక్కించి యంత్రము సెకనులను తెలిసికొనును. కంప్యూటరు ఆపివేసినను, కరెంటు పోయినను ఈ లెక్క నిలువకుండుటకై రూపాయి బిళ్ళవంటి 3 వోల్టుల చిన్న బ్యాటరీ ఒకటి లోపల అమర్చబడియుండును.

ఈ స్ఫటికము చౌకయైనది; నమ్మదగినదే కాని, పరిపూర్ణమైనది కాదు. పది లక్షల సెకనులలో 20 సెకనులు తప్పుట దానికి సాధారణము. దినమునకు 86,400 సెకనులు గనుక, ఈ లెక్కన దినమునకు 1.7 సెకనులు, నెలకు దాదాపు 50 సెకనులు తేడా వచ్చును. సుమారు 25 డిగ్రీల వేడిమివద్ద సరిగా నడుచునట్లు దానిని తయారుచేయుదురు. వేడిమి అంతకు మించినను, మిగుల తగ్గినను అది నెమ్మదించును. మన వేసవిలో రేకుల కప్పు క్రింద నడుచు కంప్యూటరు గడియారము వెనుకబడుటలో వింత లేదు. ఇక బ్యాటరీ పూర్తిగా నీరసించినచో, కరెంటు పోయివచ్చినప్పుడెల్ల ఆ యంత్రము ఏండ్ల వెనుకటి తేదీని చూపును.

కబురు పంపి వేళ తెలిసికొనుట

ఈ లోపమును తీర్చుటకై అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయమున పనిచేసిన ఆచార్య డేవిడ్ మిల్స్ ఒక పద్ధతిని రూపొందించిరి. 1985లో దాని వివరణము వెలువడినది. దానిని నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్, క్లుప్తముగా ఎన్‌టిపి, అందురు. 2024 జనవరిలో మిల్స్ మరణించిరి. వారి పద్ధతి మాత్రము నేడు లోకమంతటను నడుచుచున్నది.

వేరొక ఊరిలోని గడియారమును చూచి మన గడియారమును దిద్దుకొనుటలో ఒక చిక్కు కలదు. కబురు చేరునప్పటికి ఆ వేళ గతించిపోవును. ఈ చిక్కును విప్పు యుక్తిని ఒక ఉదాహరణముతో గ్రహింపవచ్చును.

ఒక రైతు తన ఇంటి గడియారములో సరిగా 10 గంటలైనప్పుడు కుమారుని స్టేషనుకు పంపెను. కుమారుడు చేరినప్పుడు స్టేషను గడియారములో 10 గంటల 25 నిమిషములు. అచట 2 నిమిషములు నిలిచి, 10 గంటల 27 నిమిషములకు తిరిగి బయలుదేరెను. ఇల్లు చేరునప్పటికి ఇంటి గడియారము 10 గంటల 32 నిమిషములు చూపుచున్నది. ఈ నాలుగు వేళలు చీటీపై వ్రాసికొన్నచో చాలును.

ఇంటి గడియారము ప్రకారము కుమారుడు 32 నిమిషములు ఇంట లేడు. అందులో 2 నిమిషములు స్టేషనులో నిలిచినవి. కావున రాకపోకలకు 30 నిమిషములు, ఒక వైపునకు 15 నిమిషములు. స్టేషను విడిచినప్పుడు సరియైన వేళ 10 గంటల 27 నిమిషములు. దానికి 15 కలుపగా, ఇల్లు చేరునప్పటి సరియైన వేళ 10 గంటల 42 నిమిషములు. ఇంటి గడియారము 32 మాత్రమే చూపుచున్నది. అనగా అది 10 నిమిషములు వెనుకబడినది. ఇంటి గడియారము ఎంత తప్పినను ఈ లెక్క చెడదు. ఏలయన, దానితో కొలిచినది కుమారుడు పోయివచ్చిన వ్యవధి మాత్రమే.

కంప్యూటరు సరిగా ఈ నాలుగు వేళలనే కబురులో వ్రాసి పంపును. ఆ రాకపోకలు ముగియుటకు సాధారణముగ సెకనులో స్వల్పభాగము మాత్రమే పట్టును. ఇందొక లోపము కలదు. పోవునప్పుడు దారి కష్టమై 20 నిమిషములు, వచ్చునప్పుడు సులువై 10 నిమిషములు పట్టినచో, సగము చేసి చెప్పిన మన లెక్క 5 నిమిషములు తప్పును. అయినను ఆ తప్పు రాకపోకల కాలములో సగమునకు మించజాలదు. కావుననే ఎన్‌టిపి ఒక్క కబురుతో తృప్తిపడక పలుమారులు అడిగి, కడపటి ఎనిమిది కబురులలో అన్నిటికంటె త్వరగా తిరిగివచ్చిన దానిని ఎక్కువగా నమ్మును. దారిలో ఆలస్యము తక్కువైన కబురులోనే తప్పునకు చోటు తక్కువ.

ఒకరినే అడుగుటయు మంచిది కాదు. ఇద్దరిని అడిగినప్పుడు వారు భిన్నముగ చెప్పినచో ఎవరిమాట నిజమో తేలదు. నలుగురిని అడిగినచో, ముగ్గురు ఒకమాటపై నిలిచి ఒకడు వేరుగ చెప్పినప్పుడు ఆ ఒక్కని విడిచిపెట్టవచ్చును. పంచాయతీలో పెద్దలు చేయునదియు ఇదియే.

చెరువునుండి మడివరకు

హసన్‌పర్తి రైతులకు చెరువు నీరు మడికి చేరు విధము చెప్పనక్కరలేదు. చెరువు తూమునుండి పెద్దకాలువకు, పెద్దకాలువనుండి పిల్లకాలువకు, అందుండి మడికి నీరు పారును. రైతులందరును తూమువద్దనే గుమిగూడినచో ఎవరికిని నీరు అందదు. వేళ పారకమును ఇట్లే అంతస్తులుగ ఏర్పరచిరి. మూలమందలి పరమాణు గడియారము సున్న అంతస్తు. దానికి నేరుగ తగిలియున్న కంప్యూటరులు మొదటి అంతస్తు. వానిని అడిగి తెలిసికొనునవి రెండవది. ఇట్లు 15 అంతస్తులవరకు పోవచ్చును. 16 అని చూపినచో ఆ గడియారమునకు ఏ మూలముతోను సంబంధము లేదని అర్థము.

మన దేశమున ఈ చెరువువంటి మూలము ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఉన్నది. భారత ప్రామాణిక కాలమును పరమాణు గడియారములతో కాపాడు బాధ్యత ఆ సంస్థది. సీసియము అను లోహపు పరమాణువునకు సంబంధించిన తరంగములు 9,192,631,770 మారులు కంపించు కాలమే ఒక సెకను అని 1967లో దేశములన్నియు అంగీకరించినవి. ఆ ప్రయోగశాల వేళను కంప్యూటరుల ద్వారా కోరినవారికి అందించుచున్నది. జాతీయ సమాచార కేంద్రము కూడ 'సమయ్' అను పేరుగల సర్వరుల ద్వారా ఈ సేవ చేయుచున్నది. సమయ్1.నిక్.ఇన్, సమయ్2.నిక్.ఇన్ అనునవి వాని చిరునామాలు.

ఉపగ్రహములనుండియు వేళ గ్రహింపవచ్చును. మన అంతరిక్ష పరిశోధన సంస్థ వారి నావిక్ ఉపగ్రహములలో పరమాణు గడియారములు గలవు. 2023 మే 29న పంపిన ఎన్‌విఎస్-01 ఉపగ్రహమున మన దేశమున తయారైన రుబీడియము గడియారమును అమర్చిరి.

గడియారమును వెనుకకు త్రిప్పరాదు

గడియారము ముందున్నదని తెలిసినంతనే దానిని ఒక్కసారిగ వెనుకకు త్రిప్పుట ప్రమాదకరము. ధాన్యము కొనుచోట 11 గంటల 5 నిమిషములకు ఒక రైతు పేరు నమోదైనదనుకొందము. పిదప గడియారమును 10 నిమిషములు వెనుకకు త్రిప్పిరి. తరువాత వచ్చిన రైతు పేరు 10 గంటల 58 నిమిషములకు నమోదగును. వెనుక వచ్చినవాడు వ్రాతలో ముందు వచ్చినవాడగును. ఎవరును మోసము చేయలేదు. అయినను తగవు పుట్టును.

అందువలన ఎన్‌టిపి చిన్న తేడాలను ఒక్కసారిగ దిద్దదు. గడియారము ముందున్నచో దాని నడకను ఇంచుక నెమ్మదింపజేయును. వెనుకబడినచో ఇంచుక త్వరపెట్టును. ఈ మార్పు పది లక్షల సెకనులకు 500 సెకనులకు మించదు. ఆ నడకన ఒక సెకను తేడా తీరుటకు 2,000 సెకనులు, అనగా దాదాపు 33 నిమిషములు పట్టును. ఈ మధ్యకాలమున ఏ సెకనును రెండుమారులు రాదు. ఏ సెకనును తప్పిపోదు. తేడా పెద్దదైనప్పుడు మాత్రము ఒకేసారి దిద్దక తప్పదు. అట్టి పనిని లావాదేవీలు ఆరంభము కాకముందే ప్రొద్దుట చేయుట మేలు.

తప్పు వేళ తెచ్చు చిక్కులు

వ్రేలిముద్ర సంగతి ముందే చెప్పబడినది. బ్యాంకులు, ప్రభుత్వ కార్యాలయముల వెబ్‌సైటులు తమ గుర్తింపునకై చూపు ధ్రువపత్రములకు ఆరంభపు తేదీయు ముగింపు తేదీయు ఉండును. కంప్యూటరు పాత సంవత్సరమును చూపుచున్నచో, ఆ పత్రము ఇంకను చెల్లుబాటు కాలేదని తలచి సైటును తెరువనీయదు. చరవాణిలో 30 సెకనులకొకసారి మారు రహస్య సంఖ్యలు కూడ వేళపై ఆధారపడినవే.

నిఘా కెమెరాల విషయము మరింత ముఖ్యము. దుకాణపు కెమెరా ఒక వేళను, వీధి కెమెరా వేరొక వేళను చూపినచో, దొంగ ఎటుపోయెనో తేల్చుట కష్టము. సైబరు మోసమునకు గురియైనవారు 1930 సంఖ్యకు వెంటనే ఫోను చేయవలెనని ప్రభుత్వము చెప్పుచున్నది. సొమ్ము ఏ క్షణమున ఏ ఖాతానుండి ఏ ఖాతాకు పోయెనో వెదకునప్పుడు, దారిలోని కంప్యూటరులన్నియు ఒకే వేళను వ్రాసియుండవలెను. ఈ కారణముచే సైబరు భద్రతను చూచు కేంద్రసంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశములు వెలువరించినది. ప్రభుత్వ సంస్థలు, కంపెనీలు, డేటా కేంద్రములు తమ కంప్యూటరుల గడియారములను జాతీయ సమాచార కేంద్రముతోగాని, జాతీయ భౌతిక ప్రయోగశాలతోగాని, వానినుండి వేళ గ్రహించిన సర్వరులతోగాని సరిచూచుకొనవలెనని అందు కలదు.

చేయవలసిన పనులు

ఇందులకు పెద్ద ఖర్చు లేదు. కొద్ది శ్రద్ధ చాలును.

మొదటిది: కంప్యూటరులో తేదీ, సమయముల అమరిక తెరచి, కాలమండలము భారతదేశపుదే యున్నదేమో చూడవలెను. విండోస్ కంప్యూటరులో అది 5 గంటల 30 నిమిషములు ముందున్నట్లు, చెన్నై, కోల్‌కతా, ముంబయి, న్యూఢిల్లీ నగరముల పేర్లతో కనిపించును. మండలము తప్పుగ నున్నప్పుడు గంటలను చేతితో దిద్దుట పెద్ద పొరపాటు. తెరపై వేళ సరిగానే కనిపించును గాని, యంత్రము లోపల గ్రహించు ప్రపంచ కాలము తప్పియే యుండును.

రెండవది: సమయమును తానే సరిచేసికొను అమరికను ఆన్ చేయవలెను. సర్వరు పేరు అడిగినచోట పైన చెప్పిన సమయ్ చిరునామా ఈయవచ్చును. పిమ్మట వెంటనే సరిచూడుమను మీటను ఒకసారి నొక్కి, ఫలితము కనుగొనవలెను. ఇంటర్నెట్టు ఉండియు వేళ అందనిచో, 123 సంఖ్యగల ద్వారము మూయబడియున్నదేమో జాలము చూచువారిని అడుగవలెను. ఎన్‌టిపి కబురులు నడుచుదారి అదియే.

మూడవది: కరెంటు పోయి వచ్చినప్పుడెల్ల పాత తేదీ కనిపించినచో లోపలి బ్యాటరీని మార్పింపవలెను. అది చాలవరకు 2032 రకపు బిళ్ళ. కొద్దిపాటి సొమ్ముకే దొరకును.

నాలుగవది: ఒకేచోట అనేక కంప్యూటరులున్నప్పుడు అన్నియు ఢిల్లీని అడుగనక్కరలేదు. ఒకటి రెండు యంత్రములు పైనుండి వేళ తెచ్చి, తక్కినవానికి పంచిన చాలును. ఇది పిల్లకాలువ పద్ధతి.

ఐదవది: ప్రతి ఉదయము పని మొదలుపెట్టుటకు ముందు తెరపై వేళను చరవాణి వేళతో ఒకసారి పోల్చి చూడవలెను. ఇది అరనిమిషపు పని.

హసన్‌పర్తి మండలమున ఎఱ్ఱగట్టు గుట్టవద్ద 1980లో నెలకొన్న కాకతీయ సాంకేతిక విజ్ఞాన సంస్థయు, అనంతసాగరమున ఎస్.ఆర్. విశ్వవిద్యాలయమును కలవు. కంప్యూటరు విద్య నేర్చు యువకులు, యువతులు ఆ విద్యాలయములలో వందలకొలది యున్నారు. సెలవుదినమున ఒక పూట తమ చుట్టుపట్ల పల్లెలకు పోయి, పంచాయతీ కార్యాలయము, సహకార సంఘము, పాఠశాల, సేవాకేంద్రములలోని గడియారములను సరిచూచి, అచటివారికి ఈ అమరికలు నేర్పినచో, అది వారి చదువునకు తగిన గ్రామసేవ యగును.

గడియారము చిన్నవస్తువే. కాని నేడు పింఛను, బియ్యము, ధాన్యపు సొమ్ము అన్నియు దానిని దాటి రావలసియున్నవి. ఇకమీదట ఎవరి వ్రేలిముద్రయైనను యంత్రము నిరాకరించినప్పుడు, తెరపై వ్రాసినదానిని పూర్తిగ చదివి, మొదట గడియారమును చూడుడు. "వేళ్ళు అరిగినవి" అను మాట ఆ పిమ్మట ఆలోచింపవచ్చును. ఆ వృద్ధురాలు ఆనాడు మధ్యాహ్నమునకు సొమ్ము తీసికొని ఇల్లు చేరినది. గడియారము చూచువారు లేని ఊరిలోనైనచో ఆమె మరునాడు మరల వచ్చియుండెడిది. ఆ మరునాడును యంత్రము కాదనియే యుండెడిది.